రెండు వరల ఎత్తు

నలభై అడుగులు
నాకు ఒక ఎత్తే కాదు ఒకప్పుడు.
కాళ్ళకి బందం, మొలలో కత్తి,
పది చెట్లు దింపాకే పొద్దున్న టీ.
మట్టల మధ్య నుంచి చూస్తే
కౌశిక ఒక తడి తాడు ముక్క,
మనుషులు ఉత్త నడినెత్తులు.

వాన వెలిసిన మర్నాడు
పదకొండో చెట్టు నన్ను వదిలేసింది.
చెట్టు తప్పు కాదు.
నాచు పట్టిందని నాకు తెలుసు.

నడుము కింద నుంచి
నా ఒళ్ళు దూరపు చుట్టంలా ఉంది.
ఉందని తెలుసు, కబురు రాదు.

మూడేళ్ళు నేల నాకు అందలేదు.
ఎవరికి చెప్పినా నవ్వుతారు,
నేలే కదా, కిందే కదా ఉంటుంది అని.
చక్రాల కుర్చీలో ఉన్నవాడికి
జారిపడ్డ చెంచా ఎంత దూరమో
వంగగలిగిన వాళ్ళకి తెలీదు.

నూతి వరలు పోసే ఏడుకొండలు
ఒకనాడు బండి మీద రెండు వరలు తెచ్చి దింపాడు.
ఒకదానికి బీట, అమ్ముడుపోనిది.
"నువ్వు మట్టి దగ్గరికి పోలేవు,
మట్టినే పైకి లేపుదాం" అనలేదు వాడు.
అంత మాటకారి కాదు.
"మా వాకిట్లో అడ్డంగా ఉన్నాయిరా, ఇక్కడుంచుకో" అన్నాడు.

ఒకదాని మీద ఒకటి పెడితే
నా మోచేతి ఎత్తుకొచ్చాయి.
బీటవారిన వర నడుముకి నా బందం చుట్టాను.
మూడేళ్ళు మేకుకి వేలాడిన తాడు
మళ్ళీ బిగుసుకుంటుంటే
అరచేతుల్లో పాత కాయలు గుర్తుపట్టాయి.

అడుగున కొబ్బరి డొక్కలు,
వాటి మీద గెల కోసేసిన అరటి బోదెలు,
ఆ పైన కాలవ పూడిక తీసి గట్టున పోసిన ఒండ్రు,
పేడ, ఊక బూడిద.
బేబమ్మ తట్టలు మోసింది, నేను తిట్లు మోశాను.
తవ్వకం లేదు, గొప్పు లేదు.
డొక్కలు తాగిన నీళ్ళు వారం దాస్తాయి.
ఎండలు ముదిరితే నడిమధ్య పాతిన కుండ
తన చెమటే వేళ్ళకి పోస్తుంది.
నా పనల్లా మూత తీసి చూడ్డమే.

కడియం నుంచి స్ట్రాబెర్రీ మొక్కలు తెప్పించాను మొదట,
ఫోన్లో బొమ్మ చూసి.
మాఘంలో మూడు కాయలిచ్చి
చైత్రానికి అప్పడాల్లా ఎండాయి.
బేబమ్మకొకటి, ఏడుకొండలుకొకటి,
మూడోది ఉడత.

ఆ ఖాళీలో
ఏ పిట్ట రెట్ట వేసిందో
కామంచి మొలిచింది.
పీకేద్దామని చెయ్యి పెట్టాను.
గట్టు మీద దానంతటది మొలిచేదాన్ని
పంట అనుకోం కదా.
"నోటిపూతకి ఆకు పనికొస్తది, ఉండనీ" అంది బేబమ్మ.
ఉండనిచ్చాను.
దాని పక్కనే బుడ్డబూసర,
కాగితం లాంతర్లలో దాక్కున్న పసుపు గోళీలు.

నేను నాటినవి చచ్చాయి,
నాటనివి వర అంచు దాటి పొర్లుతున్నాయి.
దీనికి అర్థం ఏదో ఉండే ఉంటుంది.
నేను పళ్ళు కోసుకుంటున్నాను.

కామంచి కొయ్యడం దింపు లాంటిది కాదు.
కత్తి అక్కర్లేదు, గట్టిగా పట్టుకుంటే చితుకుతుంది.
నల్లగా నిగనిగలాడేదే పండు,
ఆకుపచ్చది విషం, ముట్టుకోకని
పక్కింటి జోషితకి రోజూ చెబుతాను.
రోజూ నాలుక చాపి చూపిస్తుంది, ఊదారంగు.

"పెదనాన్నా, పైనున్నప్పుడు భయం వేసేదా?"
"లేదు."
"మరిప్పుడు?"
గుప్పెడు పళ్ళు దాని గౌను ఒళ్ళో పోశాను.

డొక్కలు కుళ్ళి ఏడాదికి జానెడు కుంగుతోంది మట్టి.
మోచెయ్యి దాకా లోపలికి చాపాల్సొస్తోంది.
మళ్ళీ ఒండ్రు పోయాలి,
బేబమ్మ నడుం నెప్పి తగ్గాక.
అందాకా ఇంతే లోతు.

ఈ సాయంత్రం
ఒక గండుచీమ నా మడమ మీంచి పిక్క మీదికి,
పిక్క మీంచి మోకాటికి ఎక్కుతోంది,
బందం లేదు, కత్తి లేదు.
చూస్తున్నాను గనక తెలిసింది.
దులపలేదు.
పైదాకా వస్తే
నా చేతిలో చితికిన పండొకటి ఉంది.